పిల్లల తోటమాలి ఫ్రోబెల్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు పేజీలు రాసి ఇవ్వమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను తప్పించుకోవాలనే చూశాను. ముప్పై ఆరేళ్ళు గిడ్డంగిలో స్టాకు రిజిస్టర్లు రాసిన చెయ్యి నాది. మహనీయుల గురించి రాయడానికి మన సంఘంలో రిటైరైన ఉపాధ్యాయులు, లెక్చరర్లు చాలామందే ఉన్నారు. అయితే గత ఏడాదిన్నరగా మా ఇంట్లో నడిచిన ఒక వ్యవహారం వల్ల ఒక జర్మనీ దేశపు పెద్దాయనతో నాకు బాగా పరిచయమైంది. ఆయన పోయి నూట డెబ్బై ఏళ్ళు దాటింది. ఆయన పేరు మనలో చాలామందికి తెలియదు గాని, ఆయన పెట్టిన ఒక పేరు మాత్రం చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ రోజూ వినబడుతూనే ఉంటుంది.

మా మనవడిని ఎల్.కె.జి.లో చేర్చడానికి దరఖాస్తు నింపుతుంటే, కె.జి. అంటే ఏమిటండీ అని మా ఆవిడ అడిగింది. నా ఉద్యోగ జీవితమంతా కె.జి. అంటే కిలోగ్రామే. బస్తాకి ఇన్ని కె.జి.లు, తరుగు ఇన్ని కె.జి.లు. అంతకుమించి ఆలోచించిన పాపాన పోలేదు. అది కిండర్‌గార్టెన్ అనే జర్మన్ మాటకు పొట్టి రూపమనీ, దాని అర్థం పిల్లల తోట అనీ, ఆ మాటను పుట్టించినవాడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనీ నాకు తెలియడానికి మరో ఆరు నెలలు పట్టింది. అదీ ఒక కష్టం వచ్చిపడితేనే తెలిసింది.

ఆ కష్టం సంగతి ముందు చెప్పి, తరువాత ఆయన కథలోకి వస్తాను.

మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్థులు. ఉదయం ఎనిమిదింటికి వెళితే మళ్ళీ రాత్రి ఎనిమిదింటికి గాని ఇల్లు చేరరు. మనవడు మా దగ్గరే పెరిగాడు. మూడేళ్ళు నిండేదాకా వాడికి మేమిద్దరం, ఒక సెల్‌ఫోను తప్ప వేరే లోకం లేదు. బడిలో వేసిన నెల్లాళ్ళకే డైరీలో రాసి పంపడం మొదలుపెట్టారు. పక్కపిల్లల వస్తువులు లాక్కుంటున్నాడు, ఇవ్వకపోతే కొరుకుతున్నాడు, ఎవరితోనూ కలవడం లేదు అని. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. సాయంత్రం ఇంటికి రాగానే గోడవైపు తిప్పి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాను. రెండు మూడుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. ఒకరోజు ఒక పాప చెంప మీద గాట్లు పడేలా కొరికాడు. పాప తండ్రి బడికి వచ్చి గొడవ చేశాడు. కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచుకోమని బడివాళ్ళు చెప్పేశారు. అమ్మాయి ఉద్యోగం మానేస్తానంది. ఇంటి అప్పు తీరేదాకా వీల్లేదన్నాడు అల్లుడు. భోజనాల దగ్గర మాటలు తగ్గిపోయాయి.

ఆ రోజుల్లోనే మన సంఘ సభ్యురాలు, రిటైరైన ప్రధానోపాధ్యాయురాలు ఒకావిడ ఏదో పని మీద మా ఇంటికి వచ్చారు. అంతా విని, వాడు రోజూ ఎవరితో ఆడుకుంటాడు అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆవిడ తన దగ్గరున్న ఒక పాత పుస్తకం పంపించారు. అందులో ఫ్రోబెల్ జీవితం ఉంది. తరువాత గ్రంథాలయంలో మరికొంత చదివాను.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలో థురింజియా అనే కొండల ప్రాంతంలో, ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. బిడ్డకు తొమ్మిది నెలలైనా నిండీ నిండకముందే తల్లి పోయింది. తండ్రికి చుట్టుపక్కల ఊళ్ళ బాధ్యతలన్నీ మీద ఉండడంతో పిల్లవాణ్ణి పనివాళ్ళూ, అన్నలూ చూసుకునేవారు. కొన్నేళ్ళకు తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడ మొదట్లో బాగానే చూసింది. తనకు కొడుకు పుట్టాక ఈ పిల్లవాణ్ణి దూరం పెట్టింది. ఎంత దూరమంటే, ఎదురుగా ఉన్నవాణ్ణి నువ్వు అని పిలవడం మానేసి, ఎవరో మూడో మనిషి గురించి మాట్లాడినట్లుగా మాట్లాడేదట. మన ఇళ్ళలోనూ అలకలప్పుడు, వాడిని వచ్చి తినమనండి అని గోడకు చెప్పినట్లు చెబుతాం కదా. మనకది ఒక పూట. ఆ పసివాడికి ఏళ్ళ తరబడి అదే పిలుపు. నలభై దాటాక తన జీవితం గురించి రాసుకుంటూ కూడా ఆయన ఈ సంగతి మరువలేకపోయాడు.

తోటిపిల్లలతో ఆట లేదు. తండ్రి వాణ్ణి ఊళ్ళో ఆడపిల్లల బడిలో వేశాడు. ఇంటి వెనుక తోట, చెట్లు, పూలు, ఇవే వాడికి నేస్తాలు. మొద్దు పిల్లవాడనీ, చెడ్డవాడనీ ఇంట్లో పేరు పడింది.

మనకు మేనమామ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. జర్మనీలోనూ ఆ బంధానికి బలం ఉన్నట్లుంది. ఫ్రోబెల్‌కు పదేళ్ళప్పుడు, 1792లో, తల్లి తోడబుట్టిన హాఫ్‌మన్ అనే ఆయన వచ్చి పిల్లవాడి అవస్థ చూసి, స్టాట్‌ఇల్మ్ అనే ఊరికి తనతో తీసుకుపోయాడు. అక్కడ వాడికి ఒక మంచి ఇల్లు, తన మీద నమ్మకం ఉంచే పెద్దమనిషి, బడిలో నలభై మంది దాకా తన ఈడు మగపిల్లలు దొరికారు. మొదట్లో వాళ్ళ ఆటల్లో కలవలేకపోయాడు. పరుగెత్తడం రాదు, గెంతడం రాదు, ఒంట్లో ఆ అలవాటే లేదు. క్రమంగా నేర్చుకున్నాడు. ఐదేళ్ళు అక్కడే ఉన్నాడు. తన బాల్యమంటూ ఏదైనా ఉంటే అది అక్కడిదేనని తరువాత ఆయన తలచుకునేవాడు.

ఈ భాగం చదివిన రోజు సాయంత్రం నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. మా మనవడు వరండాలో ఒక్కడే కూర్చుని తన గుడ్డబొమ్మను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. దాని వీపు మీద ఒకటి వేశాడు. అచ్చం నా గొంతుతో, నేను అనే మాటలే అన్నాడు. నేను కిటికీ వెనుక నిలబడ్డాను. లోపలికి వెళ్ళాలో, బయటికి రావాలో తెలియలేదు. ఆ రోజు నుంచి వాడి మీద చెయ్యి ఎత్తలేదు.

మళ్ళీ కథలోకి వస్తాను. యవ్వనంలో ఫ్రోబెల్ ఏ పనిలోనూ కుదురుకోలేదు. అడవుల అధికారి దగ్గర రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. 1799లో జేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. చేతిలో డబ్బు లేక, అప్పు తీర్చలేక విశ్వవిద్యాలయం వారి జైలులో తొమ్మిది వారాలు గడిపాడు. తండ్రి ఆస్తిలో తన వాటా వదులుకుంటే గాని బయటపడలేదు. ఆ తరువాత సర్వే పని, జమీందారుల దగ్గర గుమాస్తా పని, లెక్కలు రాసే పని చేశాడు. ఆ విధంగా ఆయన మన కులస్థుడే అనుకుని నేను సంతోషించాను. ఇంతలో మేనమామ పోతూ మేనల్లుడికి కొద్దిగా డబ్బు వదిలాడు. ఆ డబ్బుతో, ఇళ్ళు కట్టే విద్య నేర్చుకుందామని 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళాడు. అక్కడ గ్రూనర్ అనే ప్రధానోపాధ్యాయుడు, ఇళ్ళు కట్టడం నీ పని కాదు, మా బడికి రమ్మని బలవంతం చేశాడు. ముప్పై నలభై మంది పిల్లల ముందు నిలబడిన మొదటి రోజే తన పని ఇదేనని ఆయనకు తెలిసిపోయింది. అప్పటికి ఆయనకు 23 ఏళ్ళు.

ఆ కాలంలో స్విట్జర్లాండులోని ఇవెర్డాన్‌లో పెస్టలోజీ అనే మహోపాధ్యాయుడి బడికి యూరప్ అంతటా పేరు ఉండేది. ఫ్రోబెల్ మొదట రెండు వారాలు వెళ్ళి చూశాడు. తరువాత తాను చదువు చెబుతున్న ముగ్గురు అన్నదమ్ములను వెంటబెట్టుకుని 1808 నుంచి 1810 వరకు అక్కడే ఉన్నాడు. పాఠాల కన్నా అక్కడి పిల్లలు ఆరుబయట ఆడే ఆటలు ఆయన మనసుకు ఎక్కువ పట్టాయి. తరువాత బెర్లిన్‌లో స్ఫటికాల శాస్త్రం చదివాడు. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి స్వచ్ఛంద సైనికుడిగా వెళ్ళాడు. ఆ దళంలోనే మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అనే ఇద్దరు మిత్రులు దొరికారు. వాళ్ళు తరువాత ఎన్నో ఏళ్ళు ఆయన పనిలో తోడుగా నిలిచారు.

అదే యుద్ధకాలంలో, గాయపడ్డ సైనికులకు సేవ చేస్తూ ఆయన అన్న క్రిస్టోఫ్ జ్వరం తగిలి పోయాడు. ముగ్గురు కొడుకులు తండ్రి లేనివాళ్ళయ్యారు. ఫ్రోబెల్ బెర్లిన్ మ్యూజియంలో ఉన్న మంచి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, 1816లో ఆ ముగ్గురినీ, మరో అన్న కొడుకులు ఇద్దరినీ పెట్టుకుని గ్రీస్‌హైమ్ అనే పల్లెలో బడి తెరిచాడు. ఐదుగురు పిల్లలు, అంతా ఇంటివాళ్ళే. మరుసటి ఏడాది ఆ బడి కైల్‌హౌ అనే ఊరికి మారింది. ఈ ఐదుగురిలో కార్ల్ అనే పిల్లవాడి పేరు పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. మళ్ళీ వస్తాడు.

కైల్‌హౌ బడి పెరిగి 60 మంది దాకా అయింది. 1826లో ఫ్రోబెల్ మానవుని విద్య అనే తన పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. చిన్నపిల్లవాడి ఆటను కాలక్షేపంగా చూడరాదనీ, ఆ వయసులో వాడి లోపల ఉన్నదంతా బయటికి వచ్చే దారి అదేననీ అందులో వాదించాడు. కాని అప్పటి ప్రభుత్వాలకు కొత్త బడులంటే అనుమానం. తనిఖీకి వచ్చిన అధికారి మంచి నివేదికే ఇచ్చినా గాలి మాటలు ఆగలేదు. తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు. 1829 నాటికి ఐదారుగురు మిగిలారు. ఫ్రోబెల్ స్విట్జర్లాండుకు వెళ్ళి కొన్నేళ్ళు బడులు పెట్టాడు, బుర్గ్‌డార్ఫ్‌లో అనాథ పిల్లల ఆశ్రమం నడిపాడు. బడికి వచ్చేసరికే పిల్లల్లో చాలా భాగం తయారైపోయి ఉంటుందనీ, అసలు పని అంతకుముందు తల్లి ఒడిలోనూ, వాకిట్లోనూ జరగాలనీ ఆయనకు అక్కడ బలపడింది. భార్య విల్‌హెల్మైన్ ఆరోగ్యం చెడడంతో జర్మనీకి తిరిగి వచ్చేశాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆవిడ 1839లో పోయింది.

ఇక్కడ మన సభ్యులు ఒక్క లెక్క చూడాలి. ఆయన బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పసిపిల్లల ఆటల పని మొదలుపెట్టింది 1837లో. అప్పటికి ఆయన వయసు 55. మన రాష్ట్రంలో 1983లో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించినప్పుడు నేను జూనియర్ అసిస్టెంటును. మా సూపరింటెండెంటుగారు ఒక్కసారిగా ఇంటికి పోవలసి వచ్చి, ఇక తన బతుకు అయిపోయిందని బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నారు. ఫ్రోబెల్ లోకానికి తెలిసిన పనంతా ఆ వయసు తరువాతిదే. అంతకుముందు చేసినవన్నీ మధ్యలో ఆగిపోయినవే.

ఆయన ముందుగా పిల్లల కోసం ఆట వస్తువులు తయారుచేశాడు. వాటికి కానుకలు అని పేరు పెట్టాడు. మొదటి కానుక ఊలుతో అల్లిన ఆరు మెత్తని బంతులు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగులు. బంతికి ఒక దారం. తల్లి దారం పట్టుకుని బంతిని ఊపుతుంది, దాచుతుంది, మళ్ళీ చూపిస్తుంది. పోయింది, వచ్చింది. ఇంతే ఆట. దీనిలో ఏముందని మొదట నేనూ అనుకున్నాను. పోయినది మళ్ళీ వస్తుందన్న నమ్మకం పసివాడికి మాటలతో చెబితే రాదనీ, చేత్తో పట్టుకుని ఆడితేనే వస్తుందనీ ఆయన ఆలోచన. మన దోబూచులాటలో ఉన్నదీ అదే. తల్లి ముఖం కొంగు చాటుకు పోతుంది, బిడ్డ బిక్కముఖం వేస్తుంది, ముఖం బయటికి రాగానే కేరింతలు. తొమ్మిది నెలల వయసులో ఏ తల్లి ముఖం కనబడకుండా పోయి మళ్ళీ రాలేదో, ఆ మనిషి ఈ ఆట గురించి అంత ఆలోచించాడంటే ఆశ్చర్యం లేదు. 1844లో తల్లుల కోసం వెలువరించిన పాటల పుస్తకంలోనూ దాగుడుమూతల ఆటలకు చోటిచ్చాడు. ఆ పుస్తకం నిండా చేతివేళ్ళతో ఆడించే ఆటలు, వాటికి బొమ్మలు ఉంటాయి.

రెండో కానుక కొయ్యతో చేసిన గోళం, ఘనం, తరువాత చేర్చిన స్తంభాకారం. మూడోది నాకు బాగా ఇష్టమైనది. రెండంగుళాల కొయ్య ఘనం ఒకటి. దాన్ని అడ్డంగా, నిలువుగా కోస్తే ఎనిమిది చిన్న ఘనాలు అవుతాయి. పెట్టెలో పెట్టి ఇస్తారు. ఇచ్చే పద్ధతి ఉంది. పెట్టెను బల్ల మీద బోర్లించి, మూత కిందనుంచి లాగి, పెట్టె పైకి ఎత్తితే పిల్లవాడి ముందు ఒకే ఘనం నిలబడి కనబడాలి. వాడు దాన్ని విడదీస్తాడు, కుర్చీ చేస్తాడు, మెట్లు చేస్తాడు, ఇల్లు కడతాడు. రెండు నియమాలు. ఉన్న ముక్కలన్నీ వాడాలి, ఏదీ అనాథగా పక్కన పడి ఉండకూడదు. ఒకటి కట్టాక దాన్ని తన్ని కూల్చకుండా, కొద్ది కొద్దిగా ముక్కలు జరిపి రెండోదిగా మార్చాలి. కుర్చీ మంచం కావాలి, మంచం వంతెన కావాలి. ఆట ముగిశాక మళ్ళీ ఘనంగా పేర్చి పెట్టెలో పెట్టాలి. కోపం వస్తే పగలగొట్టే పిల్లవాడికి, పగలగొట్టకుండానే మార్చవచ్చునని చేతులకు తెలియడం ఇందులో ఉంది.

పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని ఆడితే సరిపోదని కూడా ఆయనకు తెలుసు. అందుకని వలయపు ఆటలు పెట్టాడు. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం, ఒకరు మధ్యలోకి వెళ్ళడం, పక్షుల్లా, తిరగలిలా, చక్రంలా నటించడం. ఒక్కడు చెయ్యి వదిలితే వలయం తెగిపోతుంది. అది ఎవరూ చెప్పక్కరలేదు, వాడికే కనబడుతుంది. చెమ్మచెక్కలూ, ఒప్పులకుప్పలూ, గుజ్జనగూళ్ళూ ఆడిన మన ఆడపడుచులకు దీనిలో కొత్త ఏమీ లేదు. కొత్త ఏమిటంటే, ఒక పెద్దమనిషి గడ్డం నెరిశాక కూర్చుని, ఈ ఆటల్లో ఏ ఆట పిల్లవాడికి ఏమి ఇస్తోందో ఒక్కొక్కటే పరిశీలించి, దాన్ని బడిగా మార్చడం.

ఇక తోట. అది పేరులో మాత్రమే కాదు, నిజంగానే ఉండాలన్నాడు. ప్రతి పిల్లవాడికి తనదంటూ ఒక చిన్న మడి. చుట్టూ అందరికీ కలిపి పెద్ద మడులు. తన మడిలో ఏమి వేసుకుంటాడో వాడి ఇష్టం. నీళ్ళు పోయకపోతే ఎండేది వాడి మొక్కే. ఉమ్మడి మడికి మాత్రం అందరూ వంతులవారీగా పని చేయాలి. నాది, మనది అనే రెండు మాటల మధ్య తేడా నాలుగేళ్ళవాడికి ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

మొదట్లో ఆ సంస్థకు నోరు తిరగని పొడవాటి పేరు ఉండేది. ఒకరోజు మిడెన్‌డార్ఫ్, బారోప్ అనే సహచరులతో కొండదారిలో నడుస్తూ బ్లాంకెన్‌బుర్గ్ వైపు వస్తుండగా కిండర్‌గార్టెన్ అనే మాట ఆయనకు తట్టిందని చెబుతారు. 1840 జూన్ 28న, అచ్చుయంత్రం కనిపెట్టిన గూటెన్‌బర్గ్ నాలుగు వందల ఏళ్ళ పండుగ రోజు చూసుకుని, ఆ పేరుతో సంస్థను ప్రారంభించాడు. పది తాలర్ల వాటాలు పెట్టి జర్మనీ మహిళలను చందాలు అడిగాడు. అనుకున్నంత రాలేదు. డబ్బు చాలక 1844 నాటికి బ్లాంకెన్‌బుర్గ్ తోట మూతపడింది. ఆ తరువాత ఊరూరా తిరిగి చెప్పుకొచ్చాడు. పసిపిల్లలకు చదువు చెప్పడం ఆడవాళ్ళు శిక్షణ పొంది చేయవలసిన ఉద్యోగమని ఆయన అన్నప్పుడు నవ్వినవాళ్ళు చాలామంది. ఆడపిల్లలు మాత్రం వచ్చి చేరారు.

1849లో లీబెన్‌స్టైన్ అనే స్నానాల ఊళ్ళో ఉండేవాడు. పొడవాటి నెరిసిన జుట్టుతో, పల్లెపిల్లలను వెంటేసుకుని కొండ మీద గెంతుతూ ఆడే ఈ ముసలాయనను చూసి ఊరివాళ్ళు పిచ్చివాడని పిలిచేవారు. స్నానాలకు వచ్చిన బెర్తా అనే జమీందారీ కుటుంబపు మహిళ ఆ పిచ్చివాణ్ణి చూడాలని వెళ్ళి, చూసి, ఆయన శిష్యురాలైంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆల్టెన్‌స్టైన్ కోట దగ్గర చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు సుమారు 300 మందితో ఆటల పండుగ జరిగింది. 1851లో తన శిష్యురాలు లూయిజాను పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకు 69, ఆవిడకు 36. నలుగురూ నాలుగు మాటలు అనే ఉంటారు.

అంతా దారిలో పడిందనుకున్న సమయంలో పిడుగు పడింది. 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్‌లన్నీ మూసేయమని ఉత్తర్వు ఇచ్చింది. కారణం, ఇవి పిల్లలకు నాస్తికత్వమూ, సామ్యవాదమూ నేర్పుతున్నాయని. దైవభక్తి నరనరానా ఉన్న ఫ్రోబెల్‌కు ఇది అర్థం కాలేదు. తీగ లాగితే డొంక కదిలింది. అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ ఆడపిల్లల ఉన్నత విద్య గురించీ, కిండర్‌గార్టెన్ గురించీ ఒక పుస్తకం రాశాడు. మంత్రిగారు చూసింది ఆ పుస్తకాన్ని. ఇంటిపేరు ఒకటే. తండ్రి లేని పిల్లవాడని ఏ కార్ల్ కోసం ఉద్యోగం వదిలి బడి పెట్టాడో, వాడి రాత ఈయన తల మీద పడింది. ఫ్రోబెల్ తన పుస్తకాలన్నీ జతపరచి మహజరు పంపుకున్నాడు. పొరపాటు తెలిసినా మంత్రి ఉత్తర్వు వెనక్కి తీసుకోలేదు. అదే పేరుగల మరొకాయన పోతే తన పింఛను ఆగిపోయి, తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి పదకొండు నెలలు తిరిగిన సభ్యుడు మనలో ఉన్నారు. ఫైలు మీద ఒకసారి ఎక్కిన మాటను దించడం ఎంత కష్టమో మనకు తెలియనిదా?

1852 ఏప్రిల్‌లో పిల్లలు, శిష్యురాళ్ళు కలిసి పూలతో ఆయన డెబ్బయ్యవ పుట్టినరోజు చేశారు. సరిగ్గా రెండు నెలలకు, జూన్ 21న, మారియెంటాల్‌లో కన్నుమూశాడు. నిషేధం అలాగే ఉంది. పక్కనే ష్వైనా అనే ఊళ్ళో సమాధి చేశారు. ఆ సమాధి మీద రాతి ఘనం, దానిపై స్తంభం, ఆపైన గోళం ఉంటాయి. రెండో కానుకే.

నిషేధం 1860లో ఎత్తివేశారు. బెర్తా పట్టువదలక తిరగడమే దానికి ముఖ్య కారణం. లూయిజా 1900 వరకు జీవించి హాంబుర్గ్‌లో ఆ పనే చేసింది. 1856లో మార్గరెట్ షుర్జ్ అనే జర్మనీ మహిళ అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్ పెట్టింది. నిషేధించినందువల్ల బయటి దేశాలకు పోయిన ఆడవాళ్ళతో పాటు అది ప్రపంచమంతా పాకింది. అమెరికాలో ప్రసిద్ధి చెందిన భవన శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, చిన్నప్పుడు తల్లి కొనిచ్చిన ఫ్రోబెల్ చెక్కలతోనే తన చేతికి పని వచ్చిందని పెద్దయ్యాక చెప్పుకునేవాడు. మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పేరులోనూ తోటకు బదులు ముంగిలి ఉంది. అసలు కె.జి. బడుల్లోనేమో తోటా లేదు, ముంగిలీ లేదు, మూడేళ్ళవాడికి హోంవర్కు ఉంది. ఈ మాట అంటే మా అల్లుడు నన్ను పాతకాలం మనిషంటాడు. నేను చెప్పేది 1840 నాటి మాట కాబట్టి ఒప్పుకున్నాను.

మా ఇంటి సంగతి మిగిలింది. మా వీధి చివర వడ్రంగి చేత టేకు ముక్కలతో ఎనిమిది ఘనాలు చేయించాను. వాడు ఇంకా నోట్లో పెట్టుకునే రకం కాబట్టి ఒక్కొక్కటి రెండంగుళాలు చేయించి, గరుకు కాగితంతో నేనే అంచులు అరగదీశాను. మొదటి వారమంతా కట్టడం, తన్నడం, ఇదే వరస. మా ఆవిడ పాత స్వెట్టరు విప్పి ఊలుబంతి అల్లింది. పొద్దున్నే తల్లి స్కూటరు ఎక్కి వెళ్ళేటప్పుడు వాడు ఏడ్చే ఏడుపు ఆ బంతి ఆటతో కొంచెం తగ్గింది. తరువాత వాచ్‌మన్ కూతురినీ, పై వాటా పిల్లవాణ్ణీ రోజూ సాయంత్రం మా వరండాకు రమ్మన్నాం. ముగ్గురికీ కలిపి ఎనిమిది చెక్కలే. రెండో జత చేయించవద్దని ప్రధానోపాధ్యాయురాలు ముందే చెప్పారు. మొదటి రోజు పెద్ద యుద్ధం. నేను లేవబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మూడోనాడు వాచ్‌మన్ కూతురు, వాడు నోరు తెరవగానే చేతిలో చెక్క పెట్టి, కొరకాలనుంటే ఇది కొరుక్కో అంది. వాడికి నవ్వు వచ్చింది. నా అక్షరాలూ, గోడా చేయలేని పని అది.

రెండు నెలల తరువాత బడివాళ్ళు మళ్ళీ రానిచ్చారు. అమ్మాయి ఉద్యోగం మానలేదు. వాడు పూర్తిగా మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు లాక్కుంటాడు, కాని తిరిగి ఇస్తాడు. కొరకడం పోయింది. గుడ్డబొమ్మను గోడవైపు కూర్చోబెట్టడం ఆ తరువాత కూడా చాలాకాలం చేశాడు. ఈమధ్య దానికి అన్నం పెడుతున్నాడు.

కార్యవర్గానికి ఒక మనవి. ఆదివారం ఉదయం మన సంఘ భవనం వరండా ఖాళీగానే ఉంటుంది. తొమ్మిది నుంచి పదకొండు దాకా మనవలను, మనవరాళ్ళను తీసుకురాదలచిన సభ్యులు నాకు చెప్పండి. చాపలు మావి. చెక్కలకు వడ్రంగి జతకు ఎంత అడుగుతాడో కనుక్కుని ఉంచాను. పెరట్లో మెట్ల పక్కన నాలుగు మడులకు చోటు ఉంది. నల్లా మాత్రం బాగు చేయించాలి.